ఇంటికి రెండేళ్ల దూరంలో

మిషనరీ సేవకి పిలుపు వచ్చేసింది. ఏ దేశానికి వెళ్లాలో మీరు కోరుకోలేదు, అది మీ చర్చి కేంద్ర కార్యాలయం ఉన్న సాల్ట్ లేక్ సిటీలో నిర్ణయమై వచ్చింది. తోటల్లో బంగినపల్లి కోతలు మొదలయ్యే రోజుల్లో మీరు గన్నవరంలో విమానం ఎక్కాలి. వయసు చూస్తే పద్దెనిమిదో, పందొమ్మిదో. ఇంతవరకు ఇల్లు విడిచి ఉన్నదంటే విజయవాడలో ఇంటర్ హాస్టల్, అంతే. అక్కడికీ అమ్మ ఆదివారం పూట క్యారేజీ పట్టుకుని బస్సెక్కి వచ్చేది. ఇప్పుడు ఏకంగా రెండేళ్లు. ఎలా గడుస్తాయి?

ఈ అధ్యాయం ఆ ప్రశ్న కోసమే. విశ్వాసం సంగతులు చెప్పడానికి మీ చర్చి పెద్దలు ఉన్నారు, అందులో నేను వేలు పెట్టను. పొద్దున లేచింది మొదలు రాత్రి దీపం ఆర్పేదాకా ఏం చేస్తే మనిషి నిలబడతాడన్నదే నా లెక్క. మీరు వెళ్తున్నది మత సేవకు కాకపోయినా, గల్ఫ్‌లో నర్సు ఉద్యోగానికో, అమెరికాలో ఎంఎస్‌కో అయినా చదవండి. ఇందులో చాలా భాగం మీకూ పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జనం మార్మన్లు అని పిలిచే చర్చి అసలు పేరు ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్. పూర్తి పేరుతోనే పిలవమని 2018లో ఆ చర్చి అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ గట్టిగా అడిగారు కూడా. అబ్బాయిలు 24 నెలలు, అమ్మాయిలు 18 నెలలు జీతం లేకుండా సేవ చేస్తారు. అబ్బాయిలకి మామూలుగా తెల్ల చొక్కా, టై; అందరికీ నల్ల బ్యాడ్జి, పక్కన ఎప్పుడూ ఇంకొకరు. ప్రపంచం మొత్తం మీద ఇలా తిరిగేవాళ్లు 70 వేలకు పైనే. బెంగళూరులో ఈ చర్చి మిషన్ 1993లో ఏర్పడింది. దేశంలో వాళ్ల మొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలు కలిసిన మండలం లాంటిది, 2012లో ఏర్పడింది మన హైదరాబాదులోనే. కాబట్టి తెల్ల చొక్కా బ్యాడ్జి అంటే అమెరికా కుర్రాడే అనుకోనక్కర్లేదు. తెలుగు ఇంటిపేరు ఉన్న బ్యాడ్జీలూ ఉన్నాయి.

బయల్దేరే ముందు ఇంట్లో

మొదటి పరీక్ష పరాయి దేశంలో అనుకుంటున్నారా? మీ ఇంటి వసారాలోనే. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు వైపు ఇళ్లల్లో ఒకే కుటుంబంలో పెదనాన్న గుడికి, పిన్ని బాప్టిస్టు చర్చికి, మేనత్త కేథలిక్ చర్చికి వెళ్లడం వింతేమీ కాదు. అందరూ కలిసి అడిగేది ఒకటే ప్రశ్న: "చదువు మధ్యలో ఆపేసి రెండేళ్లు ఊరూరా తిరుగుతానంటావేంట్రా?"

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, సిద్ధాంతం మొదలుపెట్టడం. మామ్మగారికి మతగ్రంథం విప్పి చెప్పబోతే ఆవిడ వినేది మీ గొంతులో ఆవేశమే. దానికి బదులు మీ దినచర్య ఒక తెల్లకాగితం మీద రాసి చూపించండి. ఎన్నింటికి లేస్తారు, ఎవరు వండుతారు, ఎవరితో ఉంటారు, జ్వరం వస్తే ఎవరికి చెప్తారు, ఇంటికి ఏ రోజు ఫోన్ చేస్తారు, తిరిగొచ్చాక ఏ కాలేజీ. పెద్దవాళ్ల భయాలన్నీ ఈ ఆరింటి చుట్టూనే తిరుగుతాయి. జవాబులు దొరికితే ఒప్పుకోకపోయినా కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

డబ్బు సంగతి దాచకండి. ఈ సేవకయ్యే ఖర్చులో కొంత మిషనరీ కుటుంబమే పెట్టుకోవాలి. మామిడి ఇంట్లో డబ్బు ఏడాదికి ఒకసారి కనిపిస్తుంది, అదీ పూత నిలిచి, మంచు కరుణించి, గాలిదుమారం దయతలిస్తే. తోట గుత్తకిచ్చిన అడ్వాన్సు ఎప్పుడొస్తుందో మీ నాన్నకి తెలుసు, మీకు తెలియకపోవచ్చు. ఆ లెక్క ఒక సాయంత్రం ఆయనతో కూర్చుని వేయండి. మీ చర్చిలో సాయం అడగాల్సి వస్తే ముందే అడగండి. సగం దారిలో అడగడం కంటే అది తేలిక.

ఒక పాత సంగతి ఇక్కడ గుర్తొస్తోంది. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ ఈ చర్చిలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. వచ్చి ఎవరి తలుపు తట్టారు? తమ బంధువుల తలుపులే. చుట్టాలకి చెప్పడం కంటే పరాయివాళ్లకి చెప్పడం సులువని మనం అనుకుంటాం. నిజమే కావచ్చు. అందుకే చుట్టాల దగ్గర సౌమ్యంగా మాట్లాడటం అలవాటైతే మిగతా లోకం అంత కష్టంగా ఉండదు.

1. గడియారాన్ని ముందే మార్చుకోండి

మిషనరీ రోజు మామూలుగా ఉదయం 6:30కి మొదలై రాత్రి 10:30కి ముగుస్తుంది. లేవగానే ప్రార్థన, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్, తర్వాత చదువు, భాష కొత్తదైతే దానికి విడిగా సమయం, ఆపైన బయటికి. రాత్రి గదికి వచ్చాక మర్నాటి ప్రణాళిక. దేశాన్ని బట్టి గంటలు కొద్దిగా మారతాయి కానీ వరస ఇదే.

"ఆరున్నరేనా, మా ఇంట్లో నాలుగున్నరకే లేస్తాం" అంటారు మీరు. మందు కొట్టే రోజుల్లో మన తోటల్లో నిజంగానే చీకటి ఉండగా లేస్తారు. మీకు ఇబ్బంది లేవడంలో రాదు, పడుకోవడంలో వస్తుంది. రాత్రి పన్నెండున్నర దాకా దుప్పట్లో ఫోన్ వెలుగు అలవాటైన కళ్లు పదిన్నరకి మూతపడమంటే పడవు. మొదటి వారాల్లో వచ్చే దిగులులో సగం నిద్ర చాలకపోవడమే. ప్రయాణానికి నెల ముందు నుంచీ ఫోన్‌ని పదింటికల్లా అమ్మ గదిలో పెట్టేయండి. మీ మీద మీకు నమ్మకం ఉంటే మీ గదిలోనే పెట్టుకోండి, కానీ నా సలహా అమ్మ గదే.

2. నాలుగు పనులు చేతికి వచ్చాకే ఎక్కండి

మన ఇళ్లల్లో అబ్బాయి తిన్న కంచం తీయడు. పొగడ్తగా చెప్పట్లేదు. అక్కడ మీ కంచం మీరే కడగాలి, మీ చొక్కా మీరే ఉతకాలి. తెల్ల చొక్కా రోజూ వేసుకోవాలంటే కాలరు దగ్గర సబ్బు ఎలా రుద్దాలో తెలియాలి.

అన్నం (కుక్కర్ లేకుండా, గిన్నెలో వార్చడం కూడా), పప్పు, గుడ్డు కూర, ఒక పచ్చడి. ఇస్త్రీ. గుండీ కుట్టడం. సైకిల్ చైను ఎక్కించడం, ఎందుకంటే చాలాచోట్ల సైకిలే వాహనం. ఇవి వచ్చిన కుర్రాడు కొత్త గదిలో మొదటి రోజే పనికొచ్చే మనిషవుతాడు. రానివాడు అతిథిలా మిగిలిపోతాడు, అతిథిని రూమ్మేటు వారం కంటే ఎక్కువ భరించలేడు.

ఇక ఆవకాయ. తీసుకెళ్లొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే ఆ దేశం కస్టమ్స్ నియమాలు చూసుకోండి. మామిడిపండ్లు మాత్రం పెట్టెలో పెట్టకండి. తాజా పండ్లను ఆపేసే దేశాలు చాలా ఉన్నాయి, చెప్పకుండా తెస్తే జరిమానా వేసేవీ ఉన్నాయి. "మా చిన్న రసాలు రెండే అండీ" అంటే వినే అధికారి ఎక్కడా ఉండడు. ఆవకాయకి గాజు సీసా వద్దు, గట్టి మూత ప్లాస్టిక్ డబ్బా, దానికి రెండు కవర్లు. నూనె కారితే పాడయ్యేది మీ తెల్ల చొక్కాలే. ఆపైన గదిలో మూత తీసే ముందు పక్కవాణ్ని ఒక మాట అడగండి. ఆ వాసన మనకి ఇల్లు, అతనికి ఘాటు.

3. మీరు ఎంచుకోని మనిషితో రోజంతా

ఇదే అసలు అధ్యాయం అనుకోండి. మిషనరీకి తోడుగా ఇచ్చే మనిషిని కంపానియన్ అంటారు. ఇద్దరూ ఒకరికొకరు కనిపించేంత, వినిపించేంత దూరంలోనే ఉండాలన్నది నియమం. బజారుకైనా, ఎవరింటికైనా, చర్చికైనా జంటగానే. మామూలుగా ఆరు వారాలకోసారి బదిలీల పిలుపు వస్తుంది. అప్పుడు ఊరు మారొచ్చు, మనిషి మారొచ్చు, రెండూ మారకపోవచ్చు.

ఇప్పుడొక సందర్భం ఊహించండి. మీ కంపానియన్ ఫిలిప్పీన్స్ కుర్రాడు. మంచివాడే. కానీ పొద్దున్నే పాడతాడు. మీకు పొద్దున్నే ఎవరూ మాట్లాడకూడదు. మొదటి రోజు నవ్వి ఊరుకున్నారు. మూడో రోజు ముఖం ముడుచుకున్నారు. అతను "ఏమైంది?" అని అడిగాడు. మీరు మన పద్ధతిలో "ఏం లేదు" అన్నారు. అతను ఏం లేదనే నమ్మాడు! మన ఇంట్లో అయితే "ఏం లేదు" అన్న గొంతును బట్టి అమ్మ అసలు సంగతి పట్టేస్తుంది. అక్కడ పట్టేవాళ్లు లేరు. పదో రోజుకి మీరు లోపల ఉడికిపోతున్నారు, అతను ఇంకా పాడుతున్నాడు.

ఏం చేయాలి? మిషనరీల దినచర్యలోనే దీనికి ఒక ఏర్పాటు ఉంది. వారానికోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, తమ మధ్య ఏది బాగుంది, ఏది బాగోలేదు అని మాట్లాడుకోవాలి. చాలామంది దీన్ని మొక్కుబడిగా కానిచ్చేస్తారు. మీరు అలా చేయకండి. ఆ కూర్చునేటప్పుడు ఇలా మాట్లాడి చూడండి:

ముందు అతను చేసిన మంచి పని ఒకటి చెప్పండి, నిజమైనదే. "మొన్న నాకు జ్వరమొస్తే నువ్వు జావ కాచావు, మర్చిపోలేదు."

తర్వాత ఒక్క విషయమే అడగండి. మూడు ఫిర్యాదులు ఒకేసారి పెడితే అతను వాదనకి దిగుతాడు. "చదువు మొదలయ్యేదాకా గదిలో నిశ్శబ్దంగా ఉంటే నాకు బాగుంటుంది" చాలు.

ఆ తర్వాత "నాలో ఏం మార్చుకోవాలి?" అని అడిగి నోరు మూసుకోండి. ఇదే కష్టం. అతను చెప్పేది వింటుంటే మీ నాలుక చివర "కానీ" సిద్ధంగా ఉంటుంది. దాన్ని మింగండి.

ఇంకో తెలుగు అలవాటు గురించి కూడా చెప్పాలి. కాదనడం మనకి మొహమాటం. "చూద్దాంలే", "చేద్దాంలే" అంటాం. అంటే చేయమని మన ఊళ్లో అందరికీ తెలుసు. అమెరికాలోని యూటా నుంచి వచ్చిన కుర్రాడికి తెలియదు. అతను ఎదురుచూస్తాడు, మీరు చేయరు, మాట నిలబెట్టుకోని మనిషని పేరొస్తుంది. చేయలేకపోతే చేయలేనని చెప్పండి. మొదట్లో ఆ మాట అంటుంటే కొట్టినట్టు ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

చిన్నదే కానీ ముందే తెలిస్తే మంచిది: అక్కడ మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు, ముందు ఎల్డర్ అనో సిస్టర్ అనో చేర్చి. మీ పేరు పెట్టి పిలిచే గొంతు వారానికోసారి ఫోన్‌లోనే వినపడుతుంది. ఆ ఒక్క పిలుపుకి కళ్లు తడైతే కంగారు పడకండి.

4. వద్దన్నవాళ్లతో

పది ఇళ్లకి వెళ్తే ఎన్ని తలుపులు తెరుచుకుంటాయి? ఆ లెక్క పెట్టుకుని రోజు మొదలుపెట్టిన వాడు మధ్యాహ్నానికే చతికిలబడతాడు.

మచిలీపట్నం నోబుల్ కాలేజీ పేరు కృష్ణా జిల్లా వాళ్లకి కొత్త కాదు. నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్లింది కానీ మన జ్ఞాపకాలు ఇంకా కృష్ణా జిల్లావే. ఆ కాలేజీకి ఆ పేరు రావడానికి కారణమైన రాబర్ట్ నోబుల్, మరో యువ మిషనరీ హెన్రీ ఫాక్స్‌తో కలిసి 1841లో ఇంగ్లండు నుంచి బందరుకి, అంటే మచిలీపట్నానికి, వచ్చాడు. వాళ్ల సంఘం వేరు, కాలం వేరు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. ఆయన విద్యార్థుల్లో తొలి బాప్తిస్మాలు జరిగింది 1852లో. మధ్యలో ఇన్నేళ్లు ఆయన ఏం చేశాడు? పాఠం చెప్పాడు. 1865లో చనిపోయేదాకా బందరులోనే ఉండిపోయాడు. ఫాక్స్‌కి అంత సమయం దొరకలేదు. భార్యను పోగొట్టుకుని, ఆరోగ్యం చెడి స్వదేశం చేరి, 1848లో చిన్న వయసులోనే పోయాడు. మతం మారడం మంచిదా చెడ్డదా అన్న చర్చ పక్కన పెట్టి చూడండి. ఫలితాన్ని రోజువారీగా కొలిచి ఉంటే నోబుల్ రెండో ఏడే ఓడ ఎక్కేవాడు.

అందుకని రాత్రి డైరీలో మీ చేతిలో ఉన్నవే రాసుకోండి: ఎంతమందిని పలకరించాను, కొత్త భాషలో ఎన్ని మాటలు వాడాను, ఎవరికి ఏ పని చేసిపెట్టాను. ఎదుటివాళ్ల నిర్ణయం మీ ఖాతాలో రాసుకోకండి.

గీతలు కూడా ముందే గీసుకోండి. ఒకసారి వద్దన్నారంటే నమస్కారం పెట్టి కదలండి. రోగిని, దుఃఖంలో ఉన్నవాళ్లను, అప్పుల్లో ఉన్నవాళ్లను మాటలతో ఒత్తిడి చేయకూడదు. సాయం చేస్తే దాని వెనక షరతు ఉండకూడదు. ఆ దేశపు చట్టం ఇంటింటికీ తిరగొద్దంటే తిరగొద్దు. మన ఊరికి ఎవరైనా వచ్చి మన దేవుణ్ని తక్కువ చేసి మాట్లాడితే మనకెంత మండుతుందో మీకు తెలుసు. పరాయి ఊళ్లో మీరే ఆ 'ఎవరైనా'.

5. టీ వద్దనడం ఎలా?

మీ చర్చి నియమం ప్రకారం టీ, కాఫీ, మద్యం, పొగాకు ముట్టరు. మద్యం వద్దంటే ఎవరూ తప్పు పట్టరు. టీ వద్దంటే మాత్రం చాలా దేశాల్లో, మన ఊళ్లో లాగే, గృహిణి ముఖం వాడిపోతుంది. గ్లాసు చేతిలో పెట్టాక వద్దంటే అవమానం, పొయ్యి వెలిగించక ముందే చెప్తే అభ్యర్థన. కాబట్టి కూర్చోగానే మీరే అడిగేయండి: "అమ్మా, దాహంగా ఉంది, మంచినీళ్లు ఇస్తారా?" నీళ్లు తాగి, ఇంకో గ్లాసు అడగండి. ఆవిడకి అతిథికి ఏదో ఇచ్చానన్న తృప్తి, మీకు నియమం తప్పలేదన్న నెమ్మది. కారణం అడిగితే ఒక్క వాక్యంలో చెప్పండి, ఉపన్యాసం వద్దు. మీ ఇంటికి ఇలాంటి కుర్రాళ్లు ఎవరైనా వస్తే వాళ్లకి మజ్జిగో కొబ్బరిబోండమో ఇచ్చి చూడండి, ఎంత సంతోషిస్తారో.

6. సోమవారం

వారంలో ఒక రోజు, మామూలుగా సోమవారం, మిషనరీల సొంత పనులకి. బట్టలు, సరుకులు, క్షవరం, గది ఊడ్వడం, ఉత్తరాలు, ఇంటికి ఫోన్. పేరుకి ఖాళీ రోజు, నిజానికి తీరిక దొరకని రోజు. పొద్దున్నే బట్టలు నానబెట్టకపోతే సాయంత్రం తడి చొక్కా తొడుక్కోవాలి.

2019 ఫిబ్రవరికి ముందు వెళ్లినవాళ్లు ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. ఇప్పుడు వారం వారం మాట్లాడొచ్చు, వీడియోలో కూడా. మీరు అదృష్టవంతులు. అయితే వారం వారం మాట్లాడటంలో కూడా ఒక చిక్కు ఉంది, అది ఎవరూ చెప్పరు.

ఫోన్ పెట్టేశాక వచ్చే గంట ఉంటుంది చూడండి, అది వారంలో అన్నిటికంటే బరువైన గంట. అమ్మ "తిన్నావా నాన్నా?" అంటుంది. మీరు తిన్నాననే లోపే ఏడుస్తుంది. వెనక నాన్న "ఏడవమాకే, వాడు బెంగ పెట్టుకుంటాడు" అంటాడు, ఆయన గొంతే వణుకుతుంటుంది. ఆపైన పెదనాన్న, అత్తయ్య, పక్కింటి పిల్లలు, అందరూ ఒక్కొక్క నిమిషం. నలభై నిమిషాలు గడిచి ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదని తెలుస్తుంది.

దీనికి ఒక పద్ధతి పెట్టండి. వేళ ఖాయం చేయండి. యూటాలో ఉంటే అక్కడి సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు ఇక్కడ చలికాలంలో రాత్రి తొమ్మిదిన్నర, ఎండాకాలంలో ఎనిమిదిన్నర, ఎందుకంటే అక్కడ గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు. ఈ తేడా అమ్మకి ముందే చెప్పకపోతే నవంబరులో ఒక సోమవారం రాత్రి ఆవిడ గంటసేపు కంగారు పడుతుంది. మొదటి పదిహేను నిమిషాలు అమ్మానాన్నలకే, తర్వాతే మిగతావాళ్లకి. "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నాం" తప్ప ఇంకేం రాదు, చిన్న ప్రశ్నలు అడగండి. పూత ఎలా ఉంది? తేనెమంచు పురుగు పట్టిందా? నున్న మార్కెట్లో బంగినపల్లి టన్ను ఎంత పలుకుతోంది? నాన్న మాటలు రాని మనిషైనా దీనికి అయిదు నిమిషాలు మాట్లాడతాడు. అలా మాట్లాడించడంలోనే ఆయన ఎలా ఉన్నాడో మీకు తెలిసిపోతుంది.

పెట్టేశాక ఖాళీగా కూర్చోకండి. ఆ గంటలో ఒళ్లు కదిలే పని పెట్టుకోండి: బజారు, బాస్కెట్‌బాల్, బట్టలు పిండటం. ఫోన్ తర్వాత నేరుగా పడుకునేలా వేళ పెట్టుకున్నవాళ్లు మంగళవారం కూడా పోగొట్టుకుంటారు.

ఇక చెడ్డ వార్తల సంగతి. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి కాయ మొత్తం రాలిపోయింది అనుకోండి. గుత్తదారు మిగతా డబ్బు ఇవ్వనంటున్నాడు. ఇంట్లో వాళ్లు మీకు చెప్పాలా వద్దా? మన ఇళ్లల్లో అలవాటు దాచడమే. "వాడు అంత దూరాన ఉన్నాడు, ఎందుకు బాధపెట్టడం?" మామ్మకి పక్షవాతం వచ్చినా దాస్తారు. మీకేమో ఎవరి ముఖంలోనో తేడా కనిపిస్తుంది, ఏంటో తెలియదు, వారమంతా ఊహించుకుంటూ ఉంటారు. ఊహ ఎప్పుడూ నిజం కంటే ఘోరంగానే ఉంటుంది.

బయల్దేరక ముందే ఇంట్లో ఒప్పందం చేసుకోండి: ఆసుపత్రి, చావు, అప్పు, ఈ మూడూ దాచకూడదు. సోమవారం దాకా ఆగక్కర్లేదు, మిషన్ నాయకులకి ఫోన్ చేసి కబురు చెప్పొచ్చు. దానికి బదులుగా మీరూ ఒక మాట ఇవ్వాలి: చెప్పిన వెంటనే "నేను వచ్చేస్తా" అనకూడదు. ఒక రాత్రి నిద్రపోయి, మీ మిషన్ ప్రెసిడెంట్‌తో మాట్లాడి, అప్పుడే నిర్ణయం. మీరు విమానమెక్కి వచ్చినా రాలిన కాయ కొమ్మకి అతుక్కోదు. కానీ నాన్నతో ఆ వారం ఇంకో అరగంట ఎక్కువ మాట్లాడితే ఆయనకి కొంత బరువు దిగుతుంది. ఇంట్లో లేనందుకు తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అనిపించనివ్వండి. అది తప్పు కాదు, ప్రేమ, కాస్త ముళ్లతో వస్తుంది.

7. ఏ రంగులో ఉన్నారు?

ఈ చర్చి 2013లో మిషనరీల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. మనసు మీద ఒత్తిడిని అందులో నాలుగు రంగులుగా చెప్పారు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఇది ఏ మతం వాళ్లకైనా, ఏ హాస్టల్‌లో ఉన్నవాళ్లకైనా పనికొచ్చే ఏర్పాటని నా అభిప్రాయం. దాన్ని నా మాటల్లో, మన ఇళ్లకి తగ్గట్టు ఇలా వాడుకోమంటాను.

పని కష్టంగా ఉన్నా తిండి, నిద్ర సరిగ్గా ఉంటే ఆకుపచ్చ. ఇల్లు గుర్తొచ్చి, చిరాకు పెరిగి, అయినా పొద్దున్నే లేచి పని చేయగలిగితే పసుపు. దీనికి మందు ఇంకొంచెం నిద్ర, వ్యాయామం, కంపానియన్‌తో మాట. రోజుల తరబడి అలసట తీరక, ఆకలి చచ్చి, చిన్న మాటకే కన్నీళ్లు వస్తుంటే నారింజ. ఇక ఒంటరిగా ఓర్చుకోవద్దు, నాయకులకి చెప్పాల్సిందే. మంచం దిగలేకపోవడం, బతకాలనిపించకపోవడం ఎరుపు. ఆ రోజే, ఆ గంటలోనే చెప్పాలి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక్కడ మన పెద్దవాళ్లు, చర్చి పెద్దలు కూడా, ఒక పొరపాటు చేస్తారు: "ప్రార్థన తక్కువైంది" అంటారు. షుగరున్న మనిషికి ఇన్సులిన్ మానేసి ప్రార్థన పెంచమని ఎవరైనా చెప్తారా? మనసు జబ్బుకి మాత్రం చెప్తారు. ఎవరైనా అలా అంటే వినయంగా విని, డాక్టర్ అపాయింట్‌మెంట్ మానుకోకండి.

8. ముందే తిరిగి రావాల్సి వస్తే

జబ్బు వల్లో, మనసు బాగోకో, ఇంట్లో కష్టం వల్లో కొందరు ఆరు నెలలకే తిరిగొస్తారు. విమానం దిగడం కంటే బస్సు దిగడం కష్టం వీళ్లకి. హనుమాన్ జంక్షన్‌లో ఎదురైన మనిషి మొదలు అందరూ ఒకటే: "అదేంట్రా, రెండేళ్లన్నావుగా?"

జవాబు ముందే సిద్ధం చేసుకోండి, అదీ చిన్నది. "ఆరోగ్యం సహకరించలేదండీ, ఇప్పుడు బాగానే ఉన్నా." అంతే. ఇంకా గుచ్చి అడిగితే మళ్లీ అదే వాక్యం, అదే గొంతుతో. మూడోసారికి వాళ్లే మామిడి రేట్లలోకి వెళ్లిపోతారు. తల్లిదండ్రులకి ఒక మాట: పిల్లవాడి తరఫున మీరు సంజాయిషీ ఇవ్వకండి, అబద్ధాలూ చెప్పకండి. "వచ్చాడు, మాకు సంతోషం" అనండి. చర్చిలో వాడు వెనక బల్ల మీద కూర్చుంటే పక్కన కూర్చోండి.

9. తిరిగొచ్చాక ఖాళీ

పూర్తిచేసి వచ్చినవాళ్లకీ ఒక దెబ్బ ఉంది. మర్నాడు ఆరున్నరకి మెలకువ వస్తుంది, చేయడానికి ఏమీ ఉండదు. పక్కన మనిషి ఉండడు. ప్రణాళిక రాయమనేవాళ్లు లేరు. మొదటి నెల ఇంట్లో పండుగ, రెండో నెల నుంచి "ఏం చేద్దామనుకుంటున్నావ్?" మొదలవుతుంది. పాత స్నేహితులు బీటెక్ మూడో ఏడులో ఉంటారు.

దీనికి మందు తిరిగొచ్చాక దొరకదు, వెళ్లేముందే వేసుకోవాలి. చదువు ఆపే ముందు కాలేజీ ఆఫీసులో రీ-అడ్మిషన్ నియమం ఏంటో, ఎన్నాళ్ల వరకు సీటు ఉంచుతారో అడగండి. నూజివీడు ట్రిపుల్ ఐటీ లాంటిచోట చదువుతుంటే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే కోర్సు ఆరేళ్లు ఒకే వరసలో సాగుతుంది. గుమాస్తా "వచ్చాక చూద్దాంలే బాబూ" అంటే ఆ మాటకి అర్థమేంటో మీకు మూడో సూచనలోనే చెప్పాను. దరఖాస్తు పెట్టి, జవాబు కాగితం మీద, తేదీతో, సంతకంతో తీసుకోండి. పదో తరగతి మెమో, ఇంటర్ మార్కుల జాబితా, టీసీ, ఆధార్, పాస్‌పోర్టు నకళ్లతో పాటు దాన్ని ఒక ఫైలులో పెట్టి, ఫైలు ఏ బీరువాలో ఉందో నాన్నకి చూపించి మరీ బయల్దేరండి.